నీళ్లు తాగని బండిలో ఒక గంట

కాళ్ల దగ్గరి రంధ్రంలోంచి గాలైతే వస్తోంది గానీ అది ఇంకా చల్లగానే ఉంది. ఇనుము కాగాలి కదా, కాగనియ్యి, తొందరేముంది అని సారంగపాణి తనకు తానే చెప్పుకుని, అరచెయ్యి ఆ రంధ్రం ముందు పెట్టుకుని బండిలో కింద చతికిలబడ్డాడు. తొందర లేకేం, బోలెడంత ఉంది. మధ్యాహ్నం రెండు కావస్తోంది, మూడున్నర లోపల ఈ దవాఖాన బండి ఏటూరునాగారం బయలుదేరాలి, అక్కడి చిన్న దవాఖానలో సారలమ్మ అనే కోయ పిల్ల నెలలు నిండకుండానే నిన్న కన్న బిడ్డను, మూడు పౌన్లయినా తూగని బిడ్డను ఈ రాత్రికే వరంగల్ తీసుకురావాలి. మూడున్నర గంటల దారి, అడవి, పుష్యమాసం చలి. బిడ్డ బతకాలంటే బండి లోపల వెచ్చగా ఉండాలి. వెచ్చగా ఉండాలంటే వెనకనున్న ఇంజను తన వేడిలో కొంత ముందుకు పంపాలి. ఆ వేడితోపాటు ఇంజను పొగ మాత్రం రాకూడదు. అది తేల్చుకోవడానికే ఈ గంట. అద్దాలన్నీ ఎక్కించి, సందుల్లో పాత చీర పేలికలు కుక్కి, యాక్సిలేటరు మీద సగం ఇటుక పెట్టి, ఇంజను నడుస్తుండగా తను లోపల కూర్చున్నాడు. గంట తర్వాత తల దిమ్ముగా లేకపోతే బిడ్డ ఎక్కవచ్చు, ఉంటే ఎక్కకూడదు. దీన్ని కొలిచే మిషను ఏదీ అతని మెకానిక్ షెడ్డులో లేదు, ఉన్నది ఒక్క తలకాయ, అదీ అంత గొప్పదేం కాదని అతని భార్య పదహారేళ్లుగా చెబుతూనే ఉంది.

ఆ భార్య ఇప్పుడు బయటే ఉంది. ఈ వరంగల్ దవాఖాన వరండాలోంచి స్టూలు తెచ్చుకుని బండి తలుపు పక్కనే వేసుకుని, ఒళ్లో అతని చేతిగడియారం పెట్టుకుని కూర్చుంది సరోజన. ఒప్పందం ఏమిటంటే ఐదు నిమిషాలకోసారి ఆమె ఒక ప్రశ్న అడగాలి, అతను జవాబు చెప్పాలి, జవాబు తప్పితే ఆమె తలుపు తెరిచి అతన్ని బయటికి లాగాలి. గాజులు అద్దానికి తగిలేలా తట్టి, "ఇగో, మా మేనత్త పేరేంది?" అంది. "మొగిలమ్మ." "ఏ ఊరు?" "స్టేషన్ ఘన్‌పూర్." "సరే, కూసో." ఇంత సులువైన ప్రశ్నలైతే చచ్చినవాడు కూడా చెబుతాడనుకున్నాడు సారంగపాణి, ఎందుకంటే ఆ మొగిలమ్మను మరిచిపోవడం ఎవరితరం కాదు, పెళ్లినాడు విడిదింట్లో అందరిముందూ ఇతని చేతులు తిప్పి చూసి, "సాలోళ్ల పిలగాని చేతులు గావు ఇవ్వి, గోళ్లల్ల గ్రీజున్నది" అని తేల్చేసిన మనిషి. నిజమే, అప్పటికే మగ్గం దిగి నాలుగేళ్లయింది, లారీ షెడ్డులో పానాలు పట్టుకుంటున్నాడు. అందరూ నవ్వారు. సరోజన నవ్వలేదు, తలవంచుకుని ఆ గోళ్ల వంకే చూసింది, ఆ చూపులో ఉన్నది ఇష్టమని అప్పుడు తెలియలేదు, తర్వాత తెలిసింది. గాలి కొంచెం గోరువెచ్చగా మారిందా, లేక తన చెయ్యే వెచ్చబడిందా. ఎడమచెయ్యి పెట్టి చూశాడు. గాలే.

గాలితోపాటు ఏదో వాసన వచ్చింది, అతను తలుపు పిడి మీద చెయ్యి వేశాడు, తర్వాత గుర్తుపట్టి తనలో తానే నవ్వుకున్నాడు, వేయించిన చింతగింజల వాసన. గొట్టాలకు పూసిన జిగురు అది. భయపడవలసింది వాసనకు కాదు, కిషన్ రావు సారు చదివి చెప్పాడు కదా, హన్మకొండలో ఇంగ్లీషు పాఠాలు చెప్పి రిటైరైన సారు, తన స్కూటరు బాగుకొచ్చినప్పుడల్లా, ఈ బండితోపాటు వచ్చిన ఇంగ్లీషు పుస్తకాన్ని ఒక్కో పేజీ చదివి తెలుగు చేసి పెట్టేవాడు. హీటరు పెట్టెకు చిల్లి పడితే పొగ లోపలికి వస్తుంది, ఆ పొగలో చంపే భాగానికి రంగూ లేదు వాసనా లేదు, ముందు తలనొప్పి, తర్వాత నిద్ర, తర్వాత లేవడం ఉండదు అని చదివి, కళ్లద్దాలు తీసి తుడుచుకుని, "మంచి చావే సారంగం, కానీ తొందరపడకు" అన్నాడు. అందుకే పెట్టెలు రెండింటికీ మట్టెవాడలో గ్యాసు వెల్డింగు పెట్టించి, సైకిలు ట్యూబుకు చూసినట్టు నీళ్ల తొట్టిలో ముంచి, ఒక మూతికి గుడ్డ బిగించి ఇంకో మూతిలోంచి గాలి కొట్టి చూశాడు. ఒక్క బుడగ రాలేదు. కానీ చల్లటి ఇనుము వేరు, కాగిన ఇనుము వేరు. చల్లగా ఉన్నప్పుడు మూసుకుని ఉండే పగులు కాగితే నోరు తెరుస్తుంది. కాగిన పెట్టెను నీళ్లలో ముంచలేం కాబట్టి తనే మునగాలి, అంతే, అందులో పెద్ద త్యాగమేమీ లేదు, పనిలో భాగమే.

పనిలో భాగమే అని మనసు అంటోంది గానీ మనసుకు తెలుసు కాదని. "మన పెండ్లిల మీ ఇంటోళ్లు నాకు పెట్టిన చీర ఏం రంగు?" అని అద్దం అవతల సరోజన. "ఆకుపచ్చ." ఆమె లేచి నిలబడి అద్దానికి ముఖం ఆనించి చూసింది, ముక్కు చప్పిడిగా నొక్కుకుపోయి చిన్నపిల్లలా కనబడింది. "పసుపుపచ్చ," అంది. "పొగ వల్ల మర్చిపోయినవా, మామూలుగనే మర్చిపోయినవా?" "మామూలుగనే." "కసమ్ తిను." "నీ తోడు, సరోజనా, ఎన్నడు గుర్తులేదు నాకు." ఆమె కాసేపు ఆలోచించింది, పదహారేళ్ల కాపురాన్ని తూకం వేస్తున్నట్టు, చివరికి నమ్మి కూర్చుంది. ఇట్లాంటి ప్రశ్నలు అడిగితే పొగ లేకపోయినా బయటికి లాగవలసి వస్తుంది. అతను నుదురు తడుముకున్నాడు, చెమట పట్టింది. చెమట అంటే వేడి. వేడి వస్తోంది, నిజంగా వస్తోంది, ఈ బండికి వేడి పుట్టించే వీలు పోయి రెండున్నరేళ్లు దాటింది.

రెండున్నరేళ్లు కాదు, ఇంకా కొంచెం ఎక్కువే, డెబ్బై తొమ్మిది మే నెల అది, ఇప్పుడు ఎనభై రెండు జనవరి. అంతకు కొన్ని నెలల ముందు, ఈ బండి మొదటిసారి దవాఖానకు వచ్చిన రోజు ములుగు రోడ్డు మీద జనం తిరణాలలా మూగారు, జర్మనీ నుంచి ఎవరో పుణ్యాత్ములు డాక్టర్ శకుంతలకు ఇచ్చిన బండి, ముందు చూస్తే ఇంజను లేదు, వెనక మూత ఎత్తితే ఉంది గానీ రేడియేటరు లేదు, నీళ్లు పోసే చోటే లేదు. డ్రైవరు పోశయ్య అంతకుముందు జీపు నడిపినవాడు, నీళ్ల డబ్బా లేకుండా గడప దాటనివాడు, డబ్బా పట్టుకుని బండి చుట్టూ మూడుసార్లు తిరిగి, "నీళ్లు తాగని బండి ఎన్నడన్న సూశినవా సారంగన్నా" అని దిగాలుపడ్డాడు. గాలి తాగే బండిరా ఇది, ఫ్యాను తిరుగుతది, గాలి కొట్టుకుంటది, చల్లబడతది అని సారంగపాణి పెద్ద తెలిసినట్టు చెప్పాడు. పోశయ్యకు నమ్మకం కుదరలేదు. ఎండాకాలం రాగానే బండి కాగుతోందేమోనని జాలిపడి రెండు గోనెసంచులు తడిపి, వెనక రెండు పక్కలా ఉన్న చీలికల మీద, బండి గాలి పీల్చేది సరిగ్గా అక్కడే, వాటి మీద కప్పి కట్టాడు, కుండకు తడిబట్ట చుట్టినట్టు ప్రేమగా. ముక్కు మూసి విసనకర్రతో విసిరాడన్నమాట. బండి కాగింది. ఎంత కాగితే అంత తడిపాడు, ఎంత తడిపితే అంత కాగింది. షెడ్డుకు తెచ్చేటప్పుడు మాత్రం సంచులు ఊడదీసి డిక్కీలో దాచేవాడు, సారంగన్న నవ్వుతాడని సిగ్గు. ఈ మనుషుల సిగ్గులు ఎంత చేటు తెస్తాయో.

నవ్వడమేమో గానీ సారంగపాణి ఆ రోజు చాలా తెలివిగా ఆలోచించాడు, తన తెలివి మీద తనకు అంత నమ్మకం కుదిరిన రోజు మరొకటి లేదు. బండి కింద దూరి చూస్తే రెండు ఇనుప పెట్టెలు, సైలెన్సరు గొట్టాల చుట్టూ తొడుగులా కప్పుకుని, ముట్టుకుంటే బొబ్బ ఎక్కేంత వేడిగా ఉన్నాయి. ఫ్యాను డొప్ప నుంచి రెండు గొట్టాలు వాటిలోకి గాలి తెస్తున్నాయి, వాటిలోంచి ఇంకో రెండు గొట్టాలు ఆ గాలిని మనుషులు కూర్చునే చోటికి తీసుకుపోతున్నాయి. ఓహో, జర్మనోళ్లకు మంచు, వాళ్లకు హీటరు కావాలి, ఓరుగల్లుల మే నెలల హీటరు ఏం జేసుకుంటరు, ఈ దరిద్రమే ఇంజనును కాలుస్తోంది అనుకుని పెట్టెలు రెండూ విప్పేశాడు. లేతు కాడ మామూలు గొట్టాలు చేయించి బిగించాడు. డాక్టరమ్మకు చెప్పనైనా లేదు, కొన్ని పనికిరాని సామాన్లు తీసేసిన, బరువు తగ్గుతది అన్నాడు. ఆమె సరే అంది. ఆమెకు ఆ బండిలో హీటరు ఉందనే తెలియదు, ముందున్న మీట ఎన్నడూ లాగలేదు. తీరా చూస్తే బండి ఇంకా ఎక్కువ కాగింది, ఎందుకంటే డొప్పకు ఉన్న రెండు రంధ్రాలను అట్లాగే వదిలేశాడు, ఇంజనుకు తగలవలసిన గాలి సగం అందులోంచి బయటికే పోయింది. అది కిషన్ రావు సారు పుస్తకంలో చూసి చెబితే తెలిసింది, రంధ్రాలకు రేకు మూతలు కొట్టాడు. ఆ వారమే పోశయ్య సంచులు కూడా దొరికాయి. సంచులు తీసేశాక బండి మంచు ముద్దలా నడిచింది. తప్పంతా గోనెసంచులది, శిక్ష మాత్రం హీటరుకు. మళ్లీ బిగించాలి కదా, అప్పటికైనా. బిగించలేదు. మే నెల, రోజంతా పని, ఎవరు చలికి వణుకుతున్నారు, చూద్దాంలే. ఆ చూద్దాంలే అన్న మాట అతని నోట్లో ఎంత తేలికగా వచ్చిందో ఇప్పటికీ చెవిలో ఉంది.

పెట్టెలు ఇంటికి చేరాయి. ఇనుము పారేయడానికి మనసొప్పదు. వెనక దొడ్లో పడేస్తే సరోజన కోడిపెట్ట వాటిలో ఒకదాన్ని తన ఇల్లుగా చేసుకుని, గడ్డి పరుచుకుని, గుడ్లు పెట్టి పొదిగింది. మూడుసార్లు పొదిగింది. అన్నీ పిల్లలయ్యాయి, ఒక్క గుడ్డు మురగలేదు, ఆ ఇనుప పెట్టెలో ఏ మహిమ ఉందో అని సరోజన ఊరంతా చెప్పింది. అతను కూడా నవ్వాడు అప్పుడు. నిరుటి పుష్యమాసం దాకా నవ్వాడు.

"తల నొస్తాందా?" అని తట్టింది. "లేదు." "ప్రశ్న అది గాదు, ఊకె అడిగిన. మా నాయిన ఎన్ని మగ్గాలు పెట్టిండు?" "మొదలు రెండు, ఒకటి అమ్మిండు, ఇప్పుడు ఒకటి." "ఎందుకు అమ్మిండు?" "నీ పెండ్లికి." సరోజన గడియారం వైపు చూపు తిప్పుకుంది. ఆమె అడిగిన దానికి అది జవాబే, తప్పు కాదు, కానీ అట్లా చెప్పకుండా ఉండవలసింది. ఆవలింత వచ్చింది. ఆవలింత ఎందుకు వచ్చింది, ఇది పొగా, లేక మధ్యాహ్నం తిన్న జొన్నరొట్టెలా, చింతచారు పోసుకుని అంత అన్నం కూడా తిన్నాడు కదా, ఏ మనిషైనా అంత తిని వెచ్చటి గదిలో కూర్చుంటే ఆవలించడా. తనను తాను పరీక్షించుకోవాలి. ఈ ఇంజనులో ప్లగ్గులు ఏ వరసలో మండుతాయి, ఒకటి నాలుగు మూడు రెండు, ఒకటి నాలుగు మూడు రెండు. సరిగ్గా వచ్చింది. కానీ అది నిద్రలో లేపి అడిగినా వస్తుంది, దాన్ని నమ్మలేం. ఏదైనా కష్టమైనది, ఏదైనా మనసు తాకడానికి ఇష్టపడనిది తాకి చూడాలి, అది నొప్పి పెడితే తల బాగున్నట్టే.

అయితే అదే తాకుదాం. నిరుడు ఇదే నెల, పొద్దున తొమ్మిదింటికి ఈ ఆవరణలోనే బండి వచ్చి ఆగింది, తను బెల్టు మార్చడానికి పానాలు పట్టుకుని ఎదురుచూస్తున్నాడు. తలుపు తెరుచుకుంది గానీ ఎవరూ వెంటనే దిగలేదు. తర్వాత డాక్టరమ్మ దిగింది, చేతిలో ఉన్ని గుడ్డలో చుట్టిన పొత్తి, ఆమె దాన్ని పట్టుకున్న తీరులోనే బిడ్డ బతికి లేదని తెలిసింది. వెనక సారలమ్మ దిగింది, అప్పటికి ఇరవై ఏళ్లుంటాయో లేవో, ఎవరినీ ఏమీ అడగలేదు, ఏడవలేదు, ఎండలోకి వచ్చి నిలబడి చేతులు చంకల్లో పెట్టుకుంది. పోశయ్య బ్యానెట్టు లేని ఆ బండి ముందు చక్రం దగ్గర కూలబడి, తాడ్వాయి కాడ ఏడ్చింది సారంగన్నా, పస్రా దాటినంక ఏడుపు ఆగింది, నిద్రపొయ్యిందనుకున్నం, ఉడుకునీళ్ల సీసాలు అన్ని సల్లవడ్డయి అని అదేపనిగా చెబుతున్నాడు. ఆడపిల్ల. డాక్టరమ్మ పొత్తి నర్సు చేతికిచ్చి, కొళాయి దగ్గర చేతులు కడుక్కుంటూ, వెనక్కి తిరగకుండా అంది, "ఏ జబ్బు లేకుండె సారంగం ఆ పిల్లకు. చిన్నగ పుట్టింది, గంతే. ఈ బండిల జర వెచ్చగ ఉంటే బతికేది." ఎవరినీ అనలేదు. ఆమెకు తెలియదు. అతనికి మాత్రమే తెలుసు, ఆ బండి వెచ్చగా ఉండేట్టుగానే పుట్టిందని, దాని వెచ్చదనం తన ఇంటి వెనక దొడ్లో కోడిపెట్ట కింద ఉందని. నోరు తెరిచాడు. పానా కింద పడింది, వంగి తీసుకున్నాడు, అంతే, ఆ వంగిన క్షణంలో చెప్పవలసిన మాట గొంతులోకి దిగిపోయి ఏడాది అయింది. నొప్పి పెట్టింది. సరే, తల బాగుంది.

ఆ తర్వాత ఎన్నిసార్లు చెప్పాలనుకున్నాడో. ప్రతిసారీ ఏదో ఒకటి. డాక్టరమ్మ పనిలో ఉంది, డాక్టరమ్మ ఎవరితోనో ఉంది, డాక్టరమ్మ నవ్వుతూ ఉంది ఇప్పుడెందుకు, డాక్టరమ్మ కోపంగా ఉంది ఇప్పుడు అసలే వద్దు. మనిషి పిరికితనానికి ముహూర్తాలు ఎప్పుడూ కుదరవు. చెప్పలేకపోయినవాడు చెయ్యగలిగింది ఒక్కటే కాబట్టి, సారలమ్మ మళ్లీ కడుపుతో ఉందనీ ఈసారి కూడా తొందరగా కాన్పు అయ్యేట్టుందనీ విన్న రోజు ఇంటికి పోయి కోడిని లేపాడు. కోడి ఒప్పుకోలేదు, చెయ్యి పొడిచింది. సరోజన గుమ్మంలో నిలబడి చూసింది. "కొత్త గంప తెస్త దానికి," అన్నాడు. ఆమె ఎందుకని అడగలేదు, ఏ విషయమైనా మూడుసార్లు అడిగే మనిషి అప్పుడు అడగలేదు, పోయి రాత్రి మిగిలిన నూకలు తెచ్చి కోడికి వేసింది. ఇనుము తుప్పు పట్టింది, గాలిని ఆపి వదిలే లోపలి రెప్పలు బిగుసుకుపోయాయి, కిరసనాయిలులో నాలుగు రోజులు నానబెట్టి మళ్లీ కదిలించాడు. మీట నుంచి రెప్పల దాకా లాగే తీగ తెగిపోతే సైకిలు బ్రేకు తీగలు రెండు కలిపి వేశాడు. వేడి గాలి పోయే వైపు గొట్టాలకు నూనె డబ్బాల రేకు చుట్టాడు. ఫ్యాను నుంచి పెట్టెల్లోకి గాలి తెచ్చే వైపు మాత్రం రేకు పనికిరాదు, ఇంజను ఊగుతుంది, ఊగినప్పుడల్లా వంగి మళ్లీ నిలబడే గొట్టం కావాలి, హైదరాబాదులో కూడా దొరకలేదు, రబ్బరు దొరికింది గానీ కాగితే కంపు, బిడ్డ ముక్కుకు పోయే గాలి అది. గుడ్డ కుడదామంటే కుట్టు దగ్గర గాలి కారుతుంది. గాలి కారితే ఇటు బిడ్డకు వేడి తక్కువ, అటు ఇంజనుకు చల్లదనం తక్కువ, అడవి నడిమధ్య ఇంజను పట్టేస్తే ఇక ఆ బిడ్డను మోసేది ఎవరు. అన్నం ముందు కూర్చుని ఇదంతా తనలో తాను గొణుక్కుంటుంటే సరోజన, "కుట్టు లేకుంట నేస్తె?" అంది.

కుట్టు లేకుండా నేయడం. అతను కూడా సాలోడే, తాతముత్తాతల నుంచి, పద్దెనిమిదేళ్ల వయసుదాకా గుంట మగ్గంలో కాళ్లు పెట్టి కూర్చున్నవాడే, అయినా ఆ ఆలోచన అతనికి రాలేదు. కొత్తవాడలో పుట్టింటికి పోయి మగ్గం ఎక్కింది సరోజన, తండ్రి కైలాసం పడుగు కట్టి ఇచ్చి పక్కన బీడీ కాల్చుకుంటూ కూర్చున్నాడు, నలభై ఏళ్లుగా జంపఖానాలు నేసిన, దుప్పట్లు నేసిన, మోటరుకు అంగీచెయ్యి నేసుడు ఇప్పుడే చూస్తాన అని. దారం మోసే నాడె పోయేటప్పుడు పై పొర నేసి, వచ్చేటప్పుడు కింది పొర నేస్తే, దారం చుట్టూ తిరిగి తిరిగి ఎక్కడా తెగకుండా ఒక సంచీ అవుతుంది, మగ్గం మీద ఉన్నంతసేపూ అది మామూలు గుడ్డలాగే చదునుగా కనబడుతుంది, దించి చెయ్యి దూరిస్తే గొట్టం. అతను గుమ్మంలో నిలబడి చూశాడు. ఎన్నేళ్లయింది ఆమెను మగ్గం మీద చూసి, పాదాలు తొక్కుతున్నాయి, చేతులు పోతూ వస్తూ ఉన్నాయి, చెంప మీద నూగు అంటుకుంది, మెడ దగ్గర చిన్న చెమట, నాలుక కొస పళ్ల మధ్య పెట్టుకుని, తను అక్కడున్నట్టు కూడా తెలియకుండా. ఈమెను తను మగ్గం నుంచి దించి షెడ్డు వెనక గదిలో పెట్టాడు కదా అని ఒక రకమైన సిగ్గు వేసింది, దానితోపాటే ఒళ్లంతా ఒక ప్రేమ, నలభై ఏళ్లు దగ్గర పడుతున్న మనిషికి పట్టపగలు మామ ముందు కలగకూడనంత. చింతగింజలు వేయించి, దంచి, ఉడకబెట్టి ఆ జిగురు మూడు పూతలు ఆమే పూసింది. గాలి ఊది చూస్తే చెంపకు చిన్న ఊపిరి కూడా తగల్లేదు.

ఇప్పుడు బాగా వెచ్చగా ఉంది. చొక్కా వీపుకు అంటుకుంది. ఇంజను మోత ఒకే తీరున ఉంది, కాగిన ఇంజను గొంతు మారుతుంది, ఇది మారలేదు, ఫ్యాను పాట శుభ్రంగా ఉంది. ఎంతసేపయిందో. ఐదు నిమిషాలు ఇంత పొడుగ్గా ఉంటాయా. ఈ వెచ్చదనం తనకు ఎక్కడో తెలుసు, ఇంజను వేడి కాదు ఇది, మెత్తటిది, చిన్నప్పుడు అవ్వ రాజవ్వ చెప్పేది, నువ్వు ఎనిమిదో నెలల పుట్టినవు బిడ్డా, పిడికెడంత ఉన్నవు, పాలు తాగ చేతగాదు, సాలోళ్ల ఇంట్ల పత్తికి కొదువా, గంప నిండ పత్తి పోసి అండ్ల పెట్టి గంజి కాసే పొయ్యి పక్కన పెట్టినం, నెల దినాలు పొయ్యి ఆర్పలే, మీ అమ్మ ఒక కన్ను గంజి మీద ఒక కన్ను నీ మీద, అని. నెల దినాలు ఆరని పొయ్యి. ఎవరో ఒకరు రాత్రింబవళ్లు కట్టెలు ఎగదోస్తూ కూర్చున్నారు తన కోసం, ఇవాళ తను ఈ బండిలో కూర్చుని గాలికి చెయ్యి అడ్డం పెట్టుకుంటున్నాడు, ఆ అవ్వ చేతులు కూడా ఇట్లాగే పొయ్యి ముందు, కాదు కాదు, నిద్ర వస్తోంది, ఇది నిద్ర. ఇది అసలు నిద్రా, లేక అదా. ఒకటి నాలుగు మూడు రెండు. సారలమ్మ ఎక్కనంటోందట. మధ్యాహ్నం బస్సు డ్రైవరు తెచ్చిన చీటీలో నర్సు భద్రమ్మ రాసింది అదే, బండి తొందరగా పంపండి, బిడ్డకు రేపటిదాకా ఆగే బలం లేదు, కానీ తల్లి ఆ బండి ఎక్కనంటోంది, నిరుటి బండే గదా అంటోంది, గూడేనికి తీసుకుపోతానంటోంది. ఎందుకు ఎక్కుతుంది. ఆమెకు ఆ బండి అంటే చలి. చలి ఎక్కడి నుంచి వచ్చిందో ఆమెకు చెప్పినవాళ్లు లేరు, తన రాత అనుకుంది, బండి మంచిది కాదనుకుంది, ఒక మనిషి చూద్దాంలే అన్నాడని ఆమెకు ఎవరు చెప్పాలి.

తలుపు భళ్లున తెరుచుకుని చల్లటి వెలుతురు మీద పడింది. సరోజన కాదు. డాక్టర్ శకుంతల, తెల్లకోటు మీదే, చేతిలో దారికి కట్టుకున్న సంచీ. "పిచ్చి లేసిందా సారంగం నీకు," అంది గొంతు పెంచకుండానే, ఆమె గొంతు పెంచకపోతేనే భయం. "తలుపులు మూసుకొని ఇంజన్ నడిపిస్తవా? సచ్చిపోతరు తెల్సా గిట్ల చేస్తే?" వెనక నుంచి సరోజన, "యాభై రెండు నిమిషాలైంది డాక్టరమ్మా, ఇంక ఎనిమిదే ఉన్నయి," అంది, పరీక్ష మధ్యలో ఆపినందుకు నొచ్చుకున్నట్టు. డాక్టరమ్మ లోపలికి ఒక కాలు పెట్టి ఆగింది. ఆమె ముఖం మారింది. చెయ్యి చాపి, కింద రంధ్రం దగ్గర పెట్టి, తీసి, మళ్లీ పెట్టింది. "ఏంది ఇది," అంది. "ఎక్కడ్నించి వస్తాంది ఈ వేడి?" అతను జవాబు చెప్పేలోపే ఆమెలోని డాక్టరు మేల్కొని అతని మణికట్టు పట్టుకుంది, కింది కనురెప్ప లాగి చూసింది, గోళ్లు చూసింది, ఆ గ్రీజు గోళ్లలో ఏ రంగు కనబడుతుందో పాపం. "తలనొప్పి?" "లేదు." "కడుపుల తిప్పుతాందా?" "లేదు." "నూరుల నుంచి ఏడు తీసెయ్. మళ్ల ఏడు తియ్. చెప్పుకుంట పో."

"తొంభై మూడు," అన్నాడు. "ఎనభై ఆరు. డెబ్బై తొమ్మిది." డెబ్బై తొమ్మిది దగ్గర నోరు ఆగిపోయింది, డెబ్బై తొమ్మిది మే నెల, ఇక ముందుకు పోనని మొండికేసింది. ఆమె చెయ్యి ఇంకా నాడి మీద ఉంది. ఆమె ముఖంలో సంతోషం కూడా మెల్లగా తెలుస్తోంది, ఆశ, ఇంకో నిమిషం ఆగితే ఎక్కడ తెచ్చినవు సారంగం, ఎంత మంచి పని చేసినవు అంటుంది, అంటే తను తల వంచుకుని ఊరుకుంటాడు, ఆ తర్వాత ఇక చచ్చినా చెప్పలేడు. "ఇది నేను కొత్తగ తెచ్చింది గాదు డాక్టరమ్మా," అన్నాడు. "ఈ బండికి మొదట్నుంచి హీటరున్నది. నేనే తీసేసిన. మూడేండ్ల కింద ఎండాకాలం. అక్కర లేకున్న తీసేసిన, మళ్ల పెట్టలే. నిరుడు ఆ పిల్ల చలికి పోయిన నాడు అది మా దొడ్లె ఉండె."

డాక్టరమ్మ వేళ్లు అతని మణికట్టు మీద బిగిశాయి. ఆమె అతని కళ్లలోకి పరీక్షగా చూసి, సరోజన వైపు తిరిగింది. "మాట తడబడతాంది, ఏందేందో అంటాండు. పొగ తలకెక్కింది ఇతనికి. పట్టు, వరండాల పండబెడదాం. ఈ బండి పోదు ఇయ్యాల, వేరేది చూడాలె."

బండి పోదు అన్న మాట విని సారంగపాణి తల అడ్డంగా ఊపాడు. పొగ కాదు, తల బాగుంది, నిజం చెబుతున్నాను అనాలనుకున్నాడు గానీ, పొగ తలకెక్కిన వాడు కూడా అదే అంటాడు కదా. అప్పుడు సరోజన స్టూలు మీంచి లేచింది, గడియారం కొంగున ముడి వేసుకుంది, దగ్గరికి వచ్చి నిలబడింది.

"పొగ గాదు డాక్టరమ్మా," అంది. "నిజమే చెప్తాండు. నాకు నిరుడే ఎరుక. ఆ దినం ఇంటికొచ్చి దొడ్లెకు పొయ్యి ఆ పెట్టె పక్కన కూసున్నడు, పొద్దుగూకేదాక. అన్నం తినలే. నేను అడగలే. ఆయనే చెప్పాలె గని నేను అడిగితే ఏం లాభమని ఊకున్న."

సారంగపాణి భార్య ముఖం వంక చూడలేకపోయాడు. ఏడాదిపాటు ఒకే కంచం ముందు, ఒకే చాప మీద, ఈమె తన బరువు రెండో కొస పట్టుకునే ఉందన్నమాట, తనకు తెలియకుండా, ఒక్కసారి కూడా బరువనకుండా. డాక్టరమ్మ కళ్లు బండి వెనక సీటు మీద ఉన్నాయి, నిరుడు ఆమె ఆ పొత్తి పట్టుకుని కూర్చున్న చోటు మీద. కోపగిస్తుందనుకున్నాడు, తిడితే బాగుండుననుకున్నాడు. నాడి చూసే వేళ్లు నాడి చూడటం ఎప్పుడో మానేసి ఊరికే పట్టుకుని ఉన్నాయి.

"లెక్క ఆపినవేంది," అంది చివరికి. "డెబ్బై తొమ్మిది కాడ ఆపినవు. చెప్పు."

"డెబ్బై రెండు," అన్నాడు. "అరవై ఐదు. యాభై ఎనిమిది." కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోవడానికి ఒక చెయ్యి ఆమె దగ్గర ఉంది, రెండోది గాలి ముందు ఉంది, అట్లాగే కారనిచ్చాడు. "యాభై ఒకటి. నలభై నాలుగు. ముప్పై ఏడు." సరోజన పెదవులు కూడా కదులుతున్నాయి, ఆమెకు లెక్కలు అంత రావు, అతని నోరు చూస్తూ పలుకుతోంది. "ముప్పై. ఇరవై మూడు. పదహారు. తొమ్మిది." ఎక్కడా తప్పలేదు. "రెండు."

డాక్టరమ్మ చెయ్యి వదిలింది. "పొగ లేదు," అంది. ఆమె అద్దం సందుల్లోని పేలికలు ముట్టుకుని చూసి, వాటిని తీయకుండా అట్లాగే వదిలేసి, దారి సంచీ సీటు మీద పెట్టింది. పోశయ్యను కేకేసి యాక్సిలేటరు మీద ఇటుక తీయమంది. "ఎక్కు సారంగం," అంది. "ఆమె ఈ బండి ఎక్కాలంటే నిరుడు ఎందుకు చల్లగుండెనో ఆమెకు ఎరుకగావాలె. నేను చెప్ప. నువ్వే చెప్పాలె." అతను లోపలే ఉన్నాడు, కొత్తగా ఎక్కవలసింది లేదు, అయినా ఒకసారి కిందికి దిగి, గుళ్లోకి పోతున్నట్టు చెప్పులు విడిచి, మళ్లీ ఎక్కి కూర్చున్నాడు. సరోజన బయటి నుంచి తలుపు మూసింది.